కథ నుంచి రేడియో నాటికకు – 5వ పాఠం: మోగని గంట

పోయిన పాఠంలో డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ కథ ‘ది మంకీస్ పా’ చివరి ఘట్టాన్ని రేడియోకి రాయమన్నాను. మూడు కోరికలు తీర్చే కోతి పంజా కథ అది: చనిపోయిన కొడుకు హెర్బర్ట్ తిరిగి రావాలని ముసలి దంపతులు రెండో కోరిక కోరాక, రాత్రివేళ ఎవరో తలుపు కొడతారు. భార్య తలుపు తీసేలోగా భర్త మూడోది కోరతాడు. మీ స్క్రిప్టులన్నీ చదివాను. ఈ వారం డికెన్స్ దయ్యం కథ ‘సిగ్నల్‌మ్యాన్’ మొదలుపెట్టాలి. పెడతాను కూడా. కానీ ముందు ఆ తలుపు దగ్గర తేల్చుకోవాల్సింది ఉంది.

ఎక్కువమంది రాసింది ఇంచుమించు ఇలా ఉంది:

(తలుపు చప్పుడు)
భార్య: ఏమండీ! ఎవరో తలుపు కొడుతున్నారు!
భర్త: అవును, తలుపు చప్పుడే! ఇంత రాత్రివేళ ఎవరై ఉంటారు?
భార్య: నేను మెట్లు దిగి వెళ్తున్నాను. ఇదిగో, కుర్చీ లాక్కుని ఎక్కుతున్నాను...

ఇందులో తప్పు కొంత నాది. ‘కంటికి కనిపించేదంతా చెవికి అందించాలి’ అని 3వ పాఠంలో రాశాను. దాన్ని మీరు ‘కనిపించేదంతా పాత్రల చేత చెప్పించాలి’ అని తీసుకున్నారు. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాసుకోండి: వినేవాళ్ళకి అవసరమైనంతే అందించాలి, అది కూడా ముందు చప్పుడుతో, కుదరకపోతే మౌనంతో, ఆఖరికి మాటతో.

జేకబ్స్ కథ 1902లో అచ్చయింది. అప్పటికి రేడియో ప్రసారాలే లేవు. అయినా చివరి రెండు పేజీలు చెవి కోసమే రాసినట్టు ఉంటాయి. కొవ్వొత్తి ఆరిపోయింది. ఇంకోటి తెద్దామని ముసలాయన కిందికి దిగాడు, మెట్ల కింద అగ్గిపుల్ల కూడా ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే వినీ వినపడనట్టు తలుపు మీద చప్పుడు. మళ్ళీ ఒకసారి. పైకి పరిగెత్తి గది తలుపు మూసుకున్నాడు. మూడోసారి కూడా వినపడేసరికి భార్య ‘ఏమిటది?’ అంటుంది. ఆయన వణుకుతూ ‘ఎలుక’ అంటాడు. మెట్ల మీద తన పక్కనుంచే పోయిందంటాడు.

ఆ ‘ఎలుక’ దగ్గర ఆగండి. చప్పుడేమిటో వినేవాళ్ళకి తెలుసు, ముసలాయనకీ తెలుసు. నోటితో మాత్రం ఇంకో పేరు చెప్పాడు. ‘నాకు భయంగా ఉంది’ అనే డైలాగు పది సార్లు రాసినా ఇంత భయం రాదు. అందుకే చప్పుడుకి పేరు పెట్టక తప్పకపోతే తప్పు పేరు పెట్టించండి.

ఈ పొరపాటు నన్ను బాగా బాధపెడుతుంది కాబట్టి ఇంకాస్త చెబుతాను. చప్పుడుకి ముందే పేరు చెప్పేస్తే (‘ఉరుము వచ్చేలా ఉంది’, వెంటనే ఉరుము) వినేవాడు ఉలిక్కిపడడు. తర్వాత చెబితే వాడి చెవిని నమ్మనట్టు ఉంటుంది. ఇద్దరు పాత్రలు ఒకరి తర్వాత ఒకరు చెబితే ఆ గదిలో భయపడే మనిషే మిగలడు, ఇద్దరూ వార్తలు చదివేవాళ్ళయిపోతారు. కొన్ని చప్పుళ్ళని చెవి ఒక్కటే పోల్చుకోలేదన్న మాట నిజమే. రేడియోలో వాన, పెనం మీద వేపుడు ఒకేలా వినిపిస్తాయి. సెలోఫేన్ కాగితం నలిపితే మంట అనిపిస్తుంది, అదే మంటని రికార్డు చేసి వినిపిస్తే కాగితమనుకుంటారు. అలాంటప్పుడు మాట సాయం కావాలి, కానీ పక్కనుంచి రావాలి. ‘వాన పడుతోంది’ వద్దు. ‘గొడుగు తేలేదా?’ చాలు. ‘మంట మండుతోంది’ వద్దు. ‘కాస్త ఇటు జరుగు, చేతులు కాచుకుంటాను’ అనండి.

కుర్చీ సంగతికి వద్దాం. మూలకథలో ముందు గొలుసు తీసిన చప్పుడు, తర్వాత కింది గడియ బిగుసుకుని కదిలిన చప్పుడు. అప్పుడు ఆవిడ గొంతు: పైగడియ తనకి అందటం లేదని, కిందికి రమ్మని. ఆ తర్వాత కుర్చీ ఈడ్చిన చప్పుడు వస్తే, అది ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో కోరికని చాలామంది గట్టిగా పలికించారు. జేకబ్స్ ఆ కోరిక మాటల్ని కథలో రాయలేదు. మీరూ రాయకండి. తలుపు మీద దబదబా పడుతున్న దెబ్బలు మధ్యలో తెగిపోవాలి. కోరిక ఏమిటో ఆ తెగడమే చెబుతుంది. అయితే ముసలాయన చీకట్లో నేలమీద తడుముకుంటున్నది పంజా కోసమేనని ఎలా తెలుస్తుంది? మొదటి దృశ్యంలోనే పంజాకి సొంత చప్పుడు ఒకటి ఇచ్చి ఉంచాలి. ఆ పంజాని ఇంటికి తెచ్చిన సార్జెంట్ మేజర్ దాన్ని బల్లమీద పెట్టినప్పుడు ఒకసారి, హెర్బర్ట్ చేతిలోకి తీసుకుని చూసినప్పుడు ఇంకోసారి. ఎండిన చింతకాయని చెక్కమీద జారవిడిస్తే వచ్చే పొడి చప్పుడు నాకిష్టం. షికాగోలో 1934లో మొదలైన భయానక రేడియో నాటికల ధారావాహిక ‘లైట్స్ అవుట్’ వాళ్ళు తల తెగే చప్పుడుకి క్యాబేజీ నరికేవారు. మన వంటింట్లోనూ వెతకండి.

ఒకటి మాత్రం అందరూ బాగా చేశారు. పేర్లు తగ్గించారు. ఇంగ్లీషు రేడియోలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియడానికి మాటిమాటికీ పేరు పెట్టి పిలిపిస్తారు. మనకి ‘ఏమండీ’, ‘నాన్నా’ ఉన్నాయి. ఆకాశవాణి నాటికలు విని పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

ఇక ‘సిగ్నల్‌మ్యాన్’. డికెన్స్ దీన్ని 1866 క్రిస్మస్‌కి ప్రచురించాడు. రైలు పట్టాల కోసం లోతుగా తవ్విన దారి, సొరంగం నోట ఎర్రదీపం, కింద గదిలో సిగ్నల్ చూసుకునే ఒంటరి ఉద్యోగి, పైనుంచి దిగివచ్చిన కథకుడు. దృశ్యాల విభజన మీకు వచ్చు, వదిలేస్తున్నాను. అసలు చిక్కు ఆ గదిలోని టెలిగ్రాఫు గంట దగ్గరుంది. ఆ ఉద్యోగి మాట్లాడుతూ మాట్లాడుతూ రెండుసార్లు ఆగి గంటవైపు చూస్తాడు. తనకి కనిపించే దయ్యం దాన్ని మోగించిందంటాడు. కథకుడికి అది మోగలేదు.

మనం మోగించాలా? మోగిస్తే వినేవాడు ఉద్యోగి పక్షాన ఉంటాడు, దయ్యం నిజమైపోతుంది. మోగించకపోతే కథకుడి పక్కన ఉంటాడు, ఉద్యోగికి మతి చలించిందేమో అన్న అనుమానం మిగులుతుంది. ఎడ్గార్ ఎలన్ పో 1843లో రాసిన ‘ది టెల్-టేల్ హార్ట్’ గుండె చప్పుడుకీ ఇదే ప్రశ్న. అక్కడ నేను వినిపిస్తాను. కథంతా హంతకుడి నోట నడుస్తుంది, మనకి వేరే చెవి లేదు. పైగా దూదిలో చుట్టిన గడియారంలా ఉందని పో స్వయంగా చెప్పాడు. అలాగే చుట్టి మైకు ముందు పెట్టండి.

సిగ్నల్‌మ్యాన్‌లో మాత్రం మోగించను. టెలిగ్రాఫు తీగల్లో గాలి వీణలా మోగుతోందని డికెన్స్ రాశాడు. ఆ తీగల రొద దృశ్యం మొదటి నుంచీ సన్నగా నడవనివ్వండి. ఉద్యోగి గంట విన్న చోట ఆ రొదని టక్కున ఆపేయండి. ఆయన మాట కూడా సగంలో ఆగాలి. మూడు సెకన్లు ఏమీ ఉండకూడదు. తర్వాత కథకుడు ‘ఏమైంది?’ అనాలి, తీగలు మళ్ళీ మొదలవ్వాలి. ఏదో జరిగిందని వినేవాడి చెవికి తెలుస్తుంది, ఏం జరిగిందో తెలియదు. అక్కడ ఆర్గన్ సంగీతం పెట్టకండి. ‘లైట్స్ అవుట్’ కాలపు అమెరికన్ రేడియో నాటికల్లో ఉంటుంది నిజమే, నాకు మాత్రం అది నిశ్శబ్దాన్ని పాడుచేస్తుందనిపిస్తుంది.

అభ్యాసం: ఉద్యోగి గదిలో ఆ గంట దృశ్యాన్ని మూడు నిమిషాలకు రాయండి. ‘గంట’, ‘మోగు’, ‘విను’ అనే మాటలు ఏ రూపంలోనూ రాకూడదు. ఫోన్లో రికార్డు చేసి, కథ చదవని ఇద్దరికి దీపాలార్పి విడివిడిగా వినిపించండి. ఆ మనిషి ఎందుకు ఆగాడని అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెప్పినా, ఇద్దరూ ఏమీ గమనించకపోయినా మళ్ళీ రాయాలి. రెండోసారి డైలాగులు ముట్టుకోకుండా చప్పుళ్ళూ విరామాలూ మాత్రమే మార్చండి. రెండు రికార్డింగులూ పంపండి.