ఫ్లోరైడ్ ప్రాజెక్టులో మైటోఫేజీని కొలిచే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో లైఫ్ సైన్సెస్ పీజీ చేసేవాళ్లలో చాలామందికి ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేయాలని ఉంటుంది. ఫ్లోరైడ్ వల్ల న్యూరాన్లలో మైటోకాండ్రియా పాడైతే కణం వాటిని గుర్తుపట్టి తీసేస్తుందా (దీన్నే మైటోఫేజీ అంటారు) అన్నది మంచి ప్రశ్న. కానీ గుర్తు పడటం వేరు, తొలగిపోవడం వేరు. రెండింటినీ విడిగా కొలవాల్సిందే.

బాగున్న మైటోకాండ్రియా పింక్1 ప్రోటీన్‌ను లోపలికి లాక్కుంటుంది. అక్కడ పార్ల్ ఎంజైమ్ దాన్ని కోస్తుంది, మిగిలిన ముక్కను ప్రోటియాసోమ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రాంగం) అరగదీస్తుంది. లోపలి పొర వోల్టేజీ పడిపోతే పింక్1 లోపలికి పోలేక బయటి పొర మీదే పేరుకుంటుంది, యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు ప్రోటీన్‌లోని 65వ సెరిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. పార్కిన్ అనే ఎంజైమ్ వచ్చి ఇంకా యుబిక్విటిన్ చేరుస్తుంది. ఆ యుబిక్విటిన్‌ను ఆప్టిన్యూరిన్ అనే ప్రోటీన్ పట్టుకుంటే ఎల్‌సీ3 ప్రోటీన్ ఉన్న పొర మైటోకాండ్రియాను చుట్టేస్తుంది, ఆఖరుకు అది లైసోసోమ్‌లో కరుగుతుంది. న్యూరాన్లలో బాగా ఆలస్యమయ్యేది ఈ ఆఖరి దశే.

ఇలాంటి ప్రాజెక్టుల్లో వాడే ఎస్‌హెచ్-ఎస్‌వై5వై కణాలు (మనిషి న్యూరోబ్లాస్టోమా కణాలు) గ్లూకోజ్ దొరికితే మైటోకాండ్రియా మీద పెద్దగా ఆధారపడవు. అందుకే గ్లూకోజ్ లేని డీఎంఈఎం మీడియాలో 10 మిల్లీమోలార్ గెలాక్టోజ్ కలిపి పెంచండి.

మోతాదు దగ్గర జాగ్రత్త. 1 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్ అంటే లీటరుకు 19 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. తాగునీటి పరిమితి 1.5 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 0.08 మిల్లీమోలారే. రక్తంలో చేరేది ఇంకా తక్కువ. 2 మిల్లీమోలార్ వేసి కణాలు చచ్చాయని చూపిస్తే మన ఊళ్ల నీటి గురించి ఏమీ తేలదు. స్టాక్‌ను ప్లాస్టిక్ ట్యూబులోనే ఉంచండి. మోతాదు పెరిగితే మీడియాలోని కాల్షియంతో కలిసి అవక్షేపం రావచ్చు, మైక్రోస్కోపులో చూసుకోండి. అంతే మోలారిటీ సోడియం క్లోరైడ్‌తో ఒక కంట్రోల్ తప్పనిసరి.

గుర్తు పడేలా చేసే పాజిటివ్ కంట్రోల్‌కు లోపలి పొర వోల్టేజీని పడగొట్టే సీసీసీపీ 10 మైక్రోమోలార్, 4 గంటలు. ప్రైమరీ న్యూరాన్లకు ఇది వేస్తే చచ్చిపోతాయి. వాటికి నానోమోలార్ మోతాదులో యాంటీమైసిన్ (మైటోకాండ్రియా శ్వాసను ఆపే మందు) ఇవ్వాలి, బీ27 సప్లిమెంటు కూడా యాంటీఆక్సిడెంట్లు లేని రకం వాడాలి.

గుర్తు పడటాన్ని వెస్టర్న్ బ్లాట్‌తో కొలుస్తాం. అందుకు కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లతో పాటు 10 మిల్లీమోలార్ ఎన్-ఇథైల్‌మాలిమైడ్ ఉండాలి, లేకుంటే కణంలోని ఎంజైములే యుబిక్విటిన్‌ను ఊడగొడతాయి. అందులో డీటీటీ వేయకండి, మాలిమైడ్‌ను చెడగొడుతుంది. బ్లాట్‌లో పింక్1 పూర్తి రూపం 63 కిలోడాల్టన్ల దగ్గర, కోసినది 52 దగ్గర వస్తుంది.

తొలగింపు కొలవడానికి ఎంటీ-కీమా బాగుంటుంది. ఇది మైటోకాండ్రియాలో ఉంచే, ఆమ్లత్వాన్ని బట్టి మారే వెలుగు ప్రోటీన్: 440 నానోమీటర్ల కాంతి దగ్గర మామూలు మైటోకాండ్రియా, 561 దగ్గర లైసోసోమ్‌కు చేరినవి వెలుగుతాయి. చివరి 4 గంటలు లైసోసోమ్ ఆమ్లత్వాన్ని తగ్గించే బాఫిలోమైసిన్ 100 నానోమోలార్ వేస్తే 561 సిగ్నల్ తగ్గాలి. తగ్గకపోతే అది ఒక ఛానెల్ వెలుగు ఇంకోదాంట్లోకి కారడమే. గుర్తు పెరిగి ఈ సిగ్నల్ పెరగకపోతే తొలగింపు ఎక్కడో ఆగింది.

ఎంటీ-కీమాను బతికున్న కణాల్లోనే చూడాలి. కాన్ఫోకల్ కోసం హైదరాబాద్ పోవాల్సివస్తే మైటో-క్యూసీ ఎంచుకోండి. ఇది మైటోకాండ్రియాను ఎరుపు, ఆకుపచ్చ రెండింటిలో వెలిగిస్తుంది, లైసోసోమ్‌లో ఆకుపచ్చ ఆరి ఎర్ర చుక్కే మిగులుతుంది. దాన్ని ఫిక్స్ చేయొచ్చు. 3.7 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ను 200 మిల్లీమోలార్ హెపిస్‌లో కలిపి పీహెచ్ సరిగ్గా 7.0 ఉంచండి. మౌంటింగ్ మీడియం పీహెచ్ 8 దాటితే లైసోసోమ్‌లో ఆరిన ఆకుపచ్చ మళ్లీ వెలుగుతుంది, ఎర్ర చుక్కలు మాయమవుతాయి.