టమాటా రక్షణ జన్యువు వేట – 4వ పాఠం: ఎఫ్2 మొక్కల్లో పునఃసంయోగాల లెక్క

గాయానికి స్పందించని ఉత్పరివర్తిత (ఒక జన్యువు చెడిన) టమాటాను తల్లిగా పెట్టి, సొలానమ్ పెనెల్లై అనే అడవి జాతి పుప్పొడితో కిందటి పాఠంలో సంకరం చేశాం. తల్లిదండ్రులను తారుమారు చేస్తే గింజ కట్టదు. ఆ సంకరపు తొలి తరం (ఎఫ్1) నుంచి వచ్చిన 160 రెండో తరం (ఎఫ్2) మొలకలు ఇప్పుడు రెండాకుల దశలో ఉన్నాయి. చెడిన జన్యువు క్రోమోజోమ్ మీద ఎక్కడుందో పునఃసంయోగాల (తల్లి, తండ్రి క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) లెక్కతో కనిపెట్టాలి.

కింది ఆకును నడిమి ఈనెకు అడ్డంగా రెండుచోట్ల ఫోర్సెప్స్‌తో నలపండి. 24 గంటలాగి, పై ఆకు రసం పిండి, యాంటీబాడీ కలిపిన అగార్ గుంటలో వేయండి. ప్రోటీనేజ్ నిరోధకం (గాయపడ్డ మొక్క తయారుచేసే రక్షణ ప్రోటీన్) ఉంటే గుంట చుట్టూ తెల్లని వలయం కడుతుంది. లక్షణం అంతర్గతం (జన్యువు రెండు ప్రతులూ చెడితేనే బయటపడేది) కాబట్టి వలయం కట్టనివి నాలుగో వంతు, అంటే 40 దాకా రావాలి. డీఎన్‌ఏ తీయాల్సింది వీటి నుంచే. జాస్మోనిక్ ఆమ్లం (గాయం సంకేతాన్నిచ్చే మొక్క హార్మోన్) తయారీకి కావలసిన డీశాచ్యురేజ్ ఎంజైమ్ జన్యువు ఎస్‌పీఆర్2ను 2003లో పట్టింది ఈ దారినే.

ఇక క్యాప్స్ మార్కర్, అంటే ఎంజైమ్ కోతతో తల్లి, తండ్రి డీఎన్‌ఏలను వేరుగా చూపే గుర్తు. పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు తీసే పద్ధతి) వచ్చిన 800 బేస్‌ల ముక్కను ఎంజైమ్ పెనెల్లైలో 500, 300గా కోస్తుంది, ఉత్పరివర్తితంలో కోయదు అనుకుందాం. జెల్ మీద మూడు పట్టీలు కనిపించిన మొక్క విషమయుగ్మజం (ఇద్దరి ప్రతులూ ఉన్నది). ఎంచిన మొక్కల్లో జన్యువు రెండు ప్రతులూ ఉత్పరివర్తితానివే కాబట్టి, ఒక క్రోమోజోమ్‌లో మార్కర్‌కూ జన్యువుకూ మధ్య పునఃసంయోగం జరిగినట్టు. 40 మొక్కలంటే 80 క్రోమోజోములు. 'క' మార్కర్ దగ్గర అలాంటివి 6 ఉంటే 6/80, అంటే 7.5 సెంటీమోర్గాన్లు (నూటికి ఎన్ని పునఃసంయోగాలో చెప్పే దూరం). 'గ' దగ్గర 4 ఉంటే 5. ఆ నాలుగూ ఈ ఆరింటిలో లేని వేరే మొక్కలైతే జన్యువు రెండు మార్కర్ల మధ్య ఉన్నట్టు. నాలుగూ ఆరింటిలోవే అయితే జన్యువు 'గ'కు అవతల ఉంది.

కోత సగంలో ఆగిందా, పెనెల్లై సమయుగ్మజం (రెండూ పెనెల్లై ప్రతులే ఉన్నది) కూడా మూడు పట్టీలే చూపిస్తుంది. కోత అసలు పడకపోతే విషమయుగ్మజం ఒకే పట్టీతో ఉత్పరివర్తితంలా కనబడి, పునఃసంయోగం లెక్కకు రాదు. అందుకే ప్రతి జెల్‌లోనూ తల్లి, తండ్రి, ఎఫ్1 నమూనాలు ఉండాలి. టాక్‌వన్ అనే కోత ఎంజైమ్‌ను 37 డిగ్రీల దగ్గర పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. దానికి 65 కావాలి.

జెల్ తప్పును మళ్లీ నడిపి దిద్దుకోవచ్చు. మొక్కను తప్పుగా ఎంచితేనే పెద్ద చిక్కు: గాయం సరిగ్గా పడని మామూలు మొక్క ఒక్కటి చొరబడినా, అది పెనెల్లై సమయుగ్మజమైతే లెక్కలో 2 కలిసి దూరం 2.5 సెంటీమోర్గాన్లు పెరుగుతుంది. గుర్తు పట్టడం తేలికే. జన్యువు 'క', 'గ' మధ్య ఉన్నట్టు తేలితే, రెండింటి దగ్గరా పెనెల్లై పట్టీలున్న మొక్కను నమ్మకండి. ఇంత దగ్గర దూరంలో రెండు పునఃసంయోగాలు ఒకే క్రోమోజోమ్‌లో పడటం చాలా అరుదు. దాని ఎఫ్3 (తర్వాతి తరం) గింజలు 16 మొలకెత్తించి గాయపరచండి. ఒక్కదానికి వలయం కట్టినా ఆ మొక్కను లెక్కలోంచి తీసేయండి.