ఇరవై మందికి బెర్రీల ఫ్రూట్ సలాడ్: నీరు ఊరకుండా, పళ్ళు చితకకుండా

అమెరికాలో జూన్, జూలై నెలలు వచ్చాయంటే వారాంతాలన్నీ పార్కు పిక్నిక్కులూ, పెరట్లో గ్రిల్లులూ, జూలై 4 విందులే. మన తెలుగువాళ్ళ పాట్‌లక్‌కి పులిహోర ఒకరు, బిర్యానీ ఒకరు తెస్తారు. ఫ్రూట్ సలాడ్ ఒప్పుకున్నవాళ్ళకి తేలిక పని దొరికిందని అందరూ అనుకుంటారు. తీరా బల్ల మీద పెట్టిన గంటకి చూస్తే గిన్నె అడుగున ఎర్రటి నీళ్ళు, వాటిలో తేలుతూ మెత్తబడ్డ స్ట్రాబెర్రీ ముక్కలు, గింజ గింజగా విడిపోయిన రాస్ప్‌బెర్రీలు. పళ్ళు మంచివే. కడిగిన తడి ఆరలేదు, చక్కెర ముందే పడింది. సలాడ్ పాడయ్యేది ఎక్కువగా ఈ రెండిటివల్లే.

ఆవకాయ పెట్టేటప్పుడు కాయల్ని కడిగి, తడి లేకుండా గుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తాం. మాగాయకైతే కావాలనే ముక్కల్ని ఉప్పులో ఊరేసి, ఊట దిగాక పిండి ఎండబెడతాం. ముక్కలోని నీటిని ఉప్పు ఎలా బయటికి లాగుతుందో, చక్కెర కూడా అలాగే లాగుతుంది. బెర్రీల సలాడ్‌కి కావలసింది ఆవకాయ జాగ్రత్త. చక్కెర ముందే చల్లి పక్కన పెడితే అది మాగాయ పద్ధతి అయిపోతుంది.

కొలతలు

పాట్‌లక్‌లో ఇంకా చాలా వంటలు ఉంటాయి కాబట్టి మనిషికి 150 గ్రాములు సరిపోతాయి. ఇరవై మందికి మూడు కిలోలు. స్ట్రాబెర్రీలు ఒక పౌండు డబ్బాలు మూడు, అంటే దాదాపు 1,360 గ్రాములు. తొడిమలు తీసేస్తే కొంత తగ్గుతుంది. బ్లూబెర్రీలు 12 ఔన్సుల డబ్బాలు రెండు, 680 గ్రాములు. బ్లాక్‌బెర్రీలు, రాస్ప్‌బెర్రీలు ఒక్కొక్కటి 6 ఔన్సుల డబ్బాలు మూడేసి, అంటే ఏది చూసినా 510 గ్రాములు. రాస్ప్‌బెర్రీలు అన్నిటికన్నా ఖరీదు, అన్నిటికన్నా సున్నితం. ఖర్చు తగ్గించాలంటే వాటిని ఒక డబ్బాకి కుదించి, ఆ మేరకు స్ట్రాబెర్రీలు పెంచండి. రుచికి పెద్ద లోటు రాదు.

పాకానికి చక్కెర 65 గ్రాములు (కప్పులో మూడో వంతు), నీళ్ళు 80 మిల్లీలీటర్లు, నిమ్మకాయలు మూడు, పుదీనా ఆకులు పాతిక, చిటికెడు ఉప్పు.

కొనేటప్పుడు

డబ్బాని ముందు తిరగేసి అడుగు చూడండి. పైవరస ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. అడుగున పరిచిన మెత్త మీద ఎర్రటి మరక ఉంటే లోపల పళ్ళు చితికినట్టే. చితికిన చోటే బూజు మొదలవుతుంది. ఇంటికి తెచ్చాక బూజు పట్టిన పండు ఒకటి కనిపిస్తే దాన్నీ, దానికి ఆనుకున్నవాటినీ పారేయండి. మిగతావాటిని ఒక్కొక్కటిగా చూసి వాడుకోవచ్చు.

స్ట్రాబెర్రీని కోశాక అది ఇంక తియ్యబడదు. అరటిపండులాగా ఇంట్లో మాగబెడదామంటే కుదరదు. తొడిమ కింద భుజాలు తెల్లగా ఉన్నవి పుల్లగానే మిగిలిపోతాయి. తొడిమ దాకా ఎరుపెక్కి, మూత తెరవగానే వాసన కొట్టేవి తీసుకోండి. బ్లాక్‌బెర్రీ విషయం తిరకాసుగా ఉంటుంది. నిగనిగలాడుతూ మెరిసేది ఇంకా పులుపే, మెరుపు తగ్గి కాస్త మాసినట్టు నల్లగా ఉన్నదే పూర్తిగా పండినది. ఫ్రిజ్‌లో పెట్టాక దాని మీద ఒకటి రెండు పూసలు ఎర్రబడితే పాడైందని కంగారుపడకండి. ఎండ వేడిమీద కోసిన పండుని చల్లబరచినప్పుడు అలా అవుతూంటుంది, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. బ్లూబెర్రీ మీద బూడిద చల్లినట్టుండే తెల్లటి పొర దుమ్ము కాదు, పండు సొంత మైనం. అది చెక్కుచెదరకుండా ఉందంటే పళ్ళని ఎక్కువమంది తడమలేదని అర్థం. తొడిమ వైపు ఎర్రటి ఛాయ ఉన్నవి పచ్చివి.

దగ్గర్లో మనమే కోసుకునే తోటలుంటే అంతకన్నా మంచిది లేదు. న్యూజెర్సీలో స్ట్రాబెర్రీలు మే చివర నుంచి జూన్ వరకు, బ్లూబెర్రీలు జూన్ చివర నుంచి జూలై అంతా దొరుకుతాయి. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే సాగు బ్లూబెర్రీ పుట్టింది కూడా అక్కడే. వైట్స్‌బాగ్ అనే చోట ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి అడవి పొదల్లోంచి మంచి రకాలు ఎంచి పెంచి, 1916లో మొదటి పంటని అమ్మకానికి తెచ్చారు. తోటకి వెళ్తే లోతైన బకెట్ కాకుండా వెడల్పాటి ట్రే, కారులో ఐస్ పెట్టె తీసుకెళ్ళండి. బకెట్లో పైవాటి బరువుకి కిందివి నలుగుతాయి, వేడి కారులో గంటసేపు ఉంటే సాయంత్రానికి చెమ్మగిల్లుతాయి.

కడగడం, ఆరబెట్టడం

కొన్న రోజే కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం చాలామంది చేసే పొరపాటు. తడి నిలిచిన చోట బూజు పడుతుంది. వాడే రోజు ఉదయమే కడగండి. సబ్బులూ, ప్రత్యేకమైన ద్రావకాలూ అక్కర్లేదు, మంచినీళ్ళు చాలు. ముందు రోజే కడగక తప్పదనుకుంటే ఒక వంతు తెల్ల వెనిగర్‌కి మూడు వంతుల నీళ్ళు కలిపి, అందులో ఒక్క నిమిషం ఉంచి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి బాగా ఆరబెట్టండి. బూజు కొంత ఆలస్యమవుతుంది.

స్ట్రాబెర్రీలని తొడిమతోనే కడగాలి. తొడిమ ముందే తీస్తే ఆ గుంటలోంచి నీళ్ళు లోపలికి పోయి పండు చప్పబడుతుంది. బ్లూబెర్రీలని చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద పెట్టినా తట్టుకుంటాయి. రాస్ప్‌బెర్రీ మీద మాత్రం కుళాయి ధార పడనివ్వకండి. కోసేటప్పుడు దాని నడిమి బొడిపె చెట్టుకే ఉండిపోతుంది, అందుకే లోపల డొల్ల. బ్లాక్‌బెర్రీకి ఆ బొడిపె పండుతోనే వస్తుంది కాబట్టి అది గట్టిగా నిలుస్తుంది. రాస్ప్‌బెర్రీలని పిడికెడు పిడికెడుగా చిల్లుల గరిటెలో వేసి, గిన్నెడు చల్లటి నీళ్ళలో ఒకసారి ముంచి, మెల్లగా అటూ ఇటూ కదిపి పైకి తీసేయండి. పది సెకన్లకి మించి వద్దు.

ఇక ఆరబెట్టడం. ఇక్కడ తొందరపడితే తర్వాతి పనంతా వృథా. పెద్ద ట్రేలో పొడి నూలు తువ్వాలు పరిచి, పళ్ళని ఒకే వరసలో, ఒకదానికొకటి తగలకుండా సర్దండి. రాస్ప్‌బెర్రీలని చిన్న చిన్న టోపీల్లా రంధ్రం కిందికి వచ్చేలా బోర్లించి పెట్టండి. అయిదు నిమిషాలాగి ఒకటి ఎత్తి చూస్తే తువ్వాలు మీద గుండ్రటి తడి మచ్చ కనిపిస్తుంది. ఆ డొల్లలో దాక్కున్న నీరే అది. వెల్లకిలా పెట్టి ఉంటే ఆ నీరంతా సలాడ్‌లోకే వచ్చేది. ఫ్యాను గాలికి అరగంట నుంచి ముప్పావుగంట ఉంచండి. బ్లూబెర్రీల ట్రేని కొద్దిగా కదిపితే ఒకదానికొకటి అంటుకోకుండా గలగలా దొర్లితే ఆరినట్టు.

కోయడం

ఉల్లిపాయ, వెల్లుల్లి తరిగే చెక్క మీద బెర్రీలు కోయకండి. ఎంత కడిగినా ఆ చెక్క వాసన వదలదు, స్ట్రాబెర్రీ దాన్ని వెంటనే పట్టేస్తుంది. ఫ్రిజ్‌లో పప్పుచారు, ఇంగువ పోపు పక్కన మూత లేకుండా పెట్టినా అంతే.

చిన్న పదునైన కత్తి మొనతో తొడిమని గుండ్రంగా తీసి, చిన్న పండుని రెండుగా, పెద్దదాన్ని నాలుగుగా నిలువున కోయండి. మరీ సన్నని ముక్కలు చేస్తే కోసిన ముఖాలు పెరిగి ఊట ఎక్కువ దిగుతుంది. బ్లూబెర్రీ అంత ముక్కలు కాకుండా, నోట్లో నిండుగా ఉండేంత ముక్క కావాలి. బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీలని కోయవద్దు. చిన్న పిల్లలకి పెట్టేటప్పుడు మాత్రం బ్లూబెర్రీలని విడిగా తీసి సగానికి కోయండి, గుండ్రటి పండు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

పాకం

చక్కెర, నీళ్ళు కలిపి పొయ్యి మీద పెట్టి చక్కెర కరగగానే దించేయండి. తీగపాకం అక్కర్లేదు, చిక్కబడితే చల్లటి పళ్ళ మీద ముద్దకడుతుంది. వేడిగా ఉండగానే పది పుదీనా ఆకులు, రెండు నిమ్మకాయల పైతొక్క తురుము వేసి మూతపెట్టండి. తొక్కని పైపైనే తురమాలి. కింద తెల్ల పొర తగిలిందంటే చేదు దిగుతుంది, తర్వాత ఎంత చక్కెర వేసినా ఆ చేదు పోదు. పావుగంట తర్వాత వడకట్టి పూర్తిగా చల్లార్చి, అప్పుడు మూడు పెద్ద చెంచాల నిమ్మరసం కలపండి. రసాన్ని వేడి పాకంలో పిండితే దాని తాజా పరిమళం పోతుంది. ఈ పాకాన్ని ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

చక్కెర బదులు తేనె వాడేవాళ్ళు నాలుగు పెద్ద చెంచాల తేనెని అంతే గోరువెచ్చటి నీళ్ళలో కలపండి. విందుకి ఏడాది లోపు పసిపిల్లలు వస్తుంటే తేనె వద్దు. వాళ్ళకి అది ప్రమాదం, ఎవరో ఒకరు ముద్దుగా ఒక ముక్క నోట్లో పెట్టేస్తారు.

కలపడం, తీసుకెళ్ళడం

వడ్డనకి అరగంట ముందు కలపండి, అంతకన్నా ముందు వద్దు. లోతైన గిన్నె కాకుండా వెడల్పాటి స్టీలు పళ్ళెం గానీ గాజు ట్రే గానీ తీసుకోండి. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పులుపుకి పనికిరావు. ముందు స్ట్రాబెర్రీ ముక్కలు, బ్లూబెర్రీలు వేసి, సగం పాకం పోసి, వెడల్పాటి రబ్బరు గరిటెతో అడుగు నుంచి పైకి నాలుగైదు సార్లు తిప్పండి. తర్వాత బ్లాక్‌బెర్రీలు వేసి రెండుసార్లు తిప్పి రుచి చూడండి. పళ్ళు బాగా తియ్యగా ఉంటే మిగతా పాకం అక్కర్లేదు. చివర రాస్ప్‌బెర్రీలని పైన చల్లి వదిలేయండి, కలపకండి. చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన మిగతా పుదీనా వడ్డించే క్షణంలో వేయండి. తరిగిన పుదీనా కాసేపటికే నల్లబడుతుంది.

పార్కుకి తీసుకెళ్ళాలంటే ఇంట్లో కలపకండి. ప్రతి పండూ విడి డబ్బాలో, పాకం చిన్న సీసాలో పెట్టుకుని, అన్నీ ఐస్ పెట్టెలో సర్దుకుని అక్కడ కలపండి. అయిదు నిమిషాల పని. ట్రే కింద ఐస్ పోసిన ఇంకో ట్రే ఉంచండి. కోసిన పళ్ళు బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 32 సెల్సియస్ దాటితే ఒక్క గంటే. ఎక్కువమంది వస్తే సలాడ్‌ని రెండు ట్రేలు చేసి, రెండోది ఐస్‌లోనే ఉంచి, మొదటిది అయ్యాక తీయండి.

చాట్ మసాలా, వేయించిన జీలకర్ర పొడి ఇష్టపడేవాళ్ళు మనలో ఎక్కువే. చాట్ మసాలాలో ఉప్పు ఉంటుంది, అదీ నీరు లాగుతుంది కాబట్టి వాటిని పక్కన గిన్నెలో పెట్టండి, ఎవరికి కావాలంటే వాళ్ళు చల్లుకుంటారు. మీగడ, పెరుగు కూడా అలాగే విడిగా. అరకిలో పెరుగుని గుడ్డలో కట్టి నాలుగు గంటలు వేలాడదీసి, నీరు దిగాక మూడు చెంచాల చక్కెర పొడి, చిటికెడు యాలకుల పొడి కలిపితే బెర్రీలకి చక్కటి జోడీ. పైనాపిల్, కివి ముక్కలు మాత్రం ఆ పెరుగులో కలపకండి, కాసేపట్లో చేదెక్కుతుంది. వాటిలోని ఎంజైములు పాల మాంసకృత్తుల్ని విరగ్గొడతాయి.

పరిమాణం పెంచడానికి అరటిపండు, పుచ్చకాయ వేయాలనిపిస్తుంది. అరటి నల్లబడి జిగటవుతుంది, పుచ్చకాయ నీళ్ళు వదులుతుంది. పెంచాలంటే పండినా గట్టిగా ఉన్న అటాల్ఫో (మెక్సికో పసుపు రకం) మామిడి రెండు, చిన్న చతురస్రాలుగా కోసి వేయండి. ఎరుపు, నీలాల మధ్య ఆ పసుపు చూడటానికి కూడా బాగుంటుంది. గడ్డకట్టిన బెర్రీలు సలాడ్‌కి పనికిరావు. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు పండు కణాల్ని చీలుస్తాయి, కరిగాక గుజ్జే మిగులుతుంది.

ఇండియాలో, మన ఊళ్ళో చేసేవాళ్ళకి ఒక మాట. మహాబలేశ్వరం నుంచి వచ్చేవైనా, మన లంబసింగిలో పండేవైనా స్ట్రాబెర్రీలు చలికాలపు పంట, నిండు మేలో తాజావి దొరకడం కష్టం. అప్పుడు బంగినపల్లి ముక్కలు, లేత తాటిముంజలు, సగానికి కోసిన నల్ల ద్రాక్ష, జూన్ వచ్చాక గింజ తీసిన నేరేడు పళ్ళు తీసుకుని ఇదే నిమ్మ, పుదీనా పాకం వాడండి. నేరేడుని చివర్లో పైన వేయండి, ముందే కలిపితే ముంజలన్నీ ఊదారంగు తిరుగుతాయి.

ఫ్రిజ్‌లోనో ఐస్ మీదో చల్లగా ఉంచిన సలాడ్ మిగిలితే మూత పెట్టి, మర్నాటికల్లా వాడేయండి. అప్పటికి ముక్కలు మెత్తబడి ఉంటాయి, సలాడ్‌గా బాగోదు. పెరుగు వేసి మిక్సీలో తిప్పితే లస్సీకి చక్కెర కూడా అక్కర్లేదు. అడుగున మిగిలిన ఎర్రటి ఊటలో సోడా, కాస్త నిమ్మరసం కలిపి పిల్లలకి ఇవ్వండి.