రెండు దూర నగరాల మధ్య విమాన సమయాన్ని లెక్కగట్టడం ఎలా?

విమాన దూరాన్ని గోడకు తగిలించిన పటం మీద స్కేలు పెట్టి కొలవకూడదు. భూమి గుండ్రంగా ఉన్నందున అతి దగ్గరి దారి పటం మీద వంపు గీతలా కనిపిస్తుంది. గ్లోబు మీద రెండు నగరాలను కలుపుతూ దారాన్ని బిగుతుగా లాగి, ఆ పొడవును గ్లోబు మీది భూమధ్యరేఖ చుట్టుకొలతతో, అంటే అసలు భూమి మీద సుమారు 40,075 కిలోమీటర్లతో పోల్చి చూస్తే దూరం తెలుస్తుంది. లండన్, న్యూయార్క్‌ల మధ్య అది దాదాపు 5,550 కిలోమీటర్లు.

దీన్ని గంటకు 850 కిలోమీటర్ల వేగంతో భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అరగంట కలిపితే ఏడు గంటలు వస్తుంది. అయితే గాలిని వదిలేస్తే ఈ లెక్క సగమే నిజం. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ తోడైతే న్యూయార్క్ నుంచి లండన్‌కు ఏడు గంటల లోపే చేరవచ్చు. అదే గాలికి ఎదురెళ్లే తిరుగు ప్రయాణానికి ఎనిమిది గంటల దాకా పడుతుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

టికెట్టు మీది సమయాలు ఆయా నగరాల స్థానిక సమయాలు కాబట్టి నేరుగా తీసివేయకూడదు. రాత్రి 8 గంటలకు న్యూయార్క్‌లో బయలుదేరి మర్నాడు ఉదయం 8 గంటలకు లండన్‌లో దిగితే ప్రయాణం పన్నెండు గంటలు కాదు. గడియారాల మధ్య ఉన్న ఐదు గంటల తేడా (వేసవి కోసం రెండు దేశాలూ గడియారాలను గంట ముందుకు, మళ్లీ వెనక్కు వేర్వేరు తేదీల్లో మారుస్తాయి కాబట్టి కొన్ని వారాల్లో నాలుగే) తీసేస్తే ఏడు గంటలే.