మీ బ్లడ్ గ్రూప్ ఏమిటో రూఢిగా తెలుసుకోవడం ఎలా?

ముందు ఇంట్లో ఉన్న కాగితాలు తిరగేయండి. పిల్లల తల్లులైతే గర్భిణిగా ఉన్నప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డులో గ్రూపు రాసి ఉండాలి. ఆపరేషన్ అయినవాళ్లకు ఆసుపత్రి ఫైల్లో, రక్తదానం చేసినవాళ్లకు డోనర్ కార్డులో దొరుకుతుంది. డ్రైవింగ్ లైసెన్సు, ఆఫీసు ఐడీ, స్కూల్ డైరీలను మాత్రం నమ్మవద్దు. వాటిలో చాలావరకు దరఖాస్తులో మనం నింపిందే అచ్చవుతుంది. ల్యాబ్ పేరు, తేదీ, సంతకం ఉన్న రిపోర్టునే లెక్కలోకి తీసుకోండి.

చాలామంది పొరపాటు పడే విషయం ఇంకొకటుంది. మొన్ననే రక్త పరీక్షలు చేయించుకున్నాం కాబట్టి గ్రూపు కూడా చూసే ఉంటారనుకుంటారు. సీబీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షల్లో గ్రూపు బయటపడదు. దాన్ని విడిగా అడిగి చేయించుకోవాలి.

ల్యాబ్‌లో ఏమని అడగాలి

'ఎబిఓ, ఆర్‌హెచ్ గ్రూపింగ్' అని అడగండి. ఎ, బి, ఎబి, ఓల్లో ఏదో ఎబిఓ చెబుతుంది, పాజిటివా నెగటివా అన్నది ఆర్‌హెచ్ చెబుతుంది. పరగడుపున వెళ్లక్కర్లేదు. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. మీరు కుర్చీలోంచి లేవకముందే ఆ ట్యూబు మీద మీ పేరు, వయసు, నంబరు రాశారో లేదో చూడండి. గ్రూపు తప్పుగా రావడానికి రసాయనాల లోపం కన్నా ట్యూబులు తారుమారవడమే పెద్ద కారణం.

'ఫార్వర్డ్, రివర్స్ రెండూ చేస్తారా?' అని కూడా అడగండి. ఫార్వర్డ్‌లో మీ ఎర్రకణాల మీద ఎ, బి యాంటిజెన్లు (గ్రూపును నిర్ణయించే గుర్తులు) ఉన్నాయేమో చూస్తారు. రివర్స్‌లో మీ ప్లాస్మాను, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవాన్ని, ముందే గ్రూపు తెలిసిన ఎ కణాలతో, బి కణాలతో కలిపి చూస్తారు. ఎ గ్రూపువాళ్ల ప్లాస్మాలో బి కణాలను గడ్డకట్టించే, అంటే గుంపులుగా అతికించే యాంటీబాడీలు (రక్షక ప్రోటీన్లు) ఉంటాయి, బి గ్రూపువాళ్లకు దీనికి తిరగేసి. ఓ గ్రూపులో రెండూ ఉంటాయి, ఎబిలో రెండూ ఉండవు. రెండు వైపుల జవాబులూ కలిస్తేనే ఫలితం ఖాయం. కలవకపోతే కారణం తేలేదాకా రిపోర్టు ఇవ్వకూడదు. చిన్న ల్యాబుల్లో స్లైడు మీద ఫార్వర్డ్ మాత్రమే చేసి పంపేస్తుంటారు. వీలుంటే ట్యూబు పద్ధతిలోనో జెల్ కార్డుతోనో చేసే చోటికే వెళ్లండి.

ఖర్చు లేకుండా తెలియాలంటే రక్తదానం మంచి దారి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. బ్లడ్ సెంటర్లో (బ్లడ్ బ్యాంకులో) గ్రూపును రెండు విధాలా పరీక్షిస్తారు. క్యాంపు దగ్గర వేలి చుక్కతో అప్పటికప్పుడు చెప్పేది ప్రాథమిక ఫలితమే. తర్వాత వచ్చే కార్డును అడిగి తీసుకోండి.

స్లైడు పరీక్ష చేసే తీరు

కాలేజీ ల్యాబుల్లో, క్యాంపుల్లో జరిగేది ఇదే. కావలసినవి: తెల్లటి టైలు లేదా గాజు స్లైడ్లు, మూడు సీసాల రీఏజెంట్లు (పరీక్ష ద్రావణాలు), స్టెరైల్ లాన్సెట్ (వేలు గుచ్చే చిన్న సూది), స్పిరిట్ దూది, పుల్లలు. యాంటీ-ఎ నీలంగా, యాంటీ-బి పసుపుగా ఉంటాయి. యాంటీ-డి కి మామూలుగా రంగు ఉండదు. ఈ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెల ఎండలో పొద్దుటినుంచీ బల్ల మీద పెట్టిన సీసాతో చేసిన పరీక్షకు విలువ లేదు.

మూడు చోట్ల ఒక్కో రీఏజెంటు చుక్క వేయండి. ఉంగరపు వేలి కొసను, మధ్యలో కాకుండా కాస్త పక్కగా, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉండగానే గుచ్చితే స్పిరిట్ తగిలి ఎర్రకణాలు పగిలిపోతాయి. గుచ్చాక మొదటి చుక్కను పొడి దూదితో తుడిచేసి, తర్వాతి రక్తాన్ని ఒక్కో చోట చిన్న చుక్కగా వేయండి. వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. ప్రతి చుక్కకూ వేరే పుల్ల వాడండి. ఒకే పుల్లతో మూడూ కలిపితే నీలం పసుపులోకి చేరి ఎబి అని తప్పుడు ఫలితం రావచ్చు. రూపాయి నాణెమంత వెడల్పున కలిపి, స్లైడును అటూఇటూ మెల్లగా వంచుతూ రెండు నిమిషాల్లోపు చూడండి.

ఎర్రకణాలు గుంపులు కట్టి, విరిగిన పాలలా నీరూ ముద్దా వేరైతే అది పాజిటివ్. ఒకే తీరుగా ఎర్రగా పరుచుకుని ఉంటే నెగటివ్. యాంటీ-ఎ లోనే గడ్డకడితే ఎ, యాంటీ-బి లోనే అయితే బి, రెంటిలోనూ అయితే ఎబి, రెంటిలోనూ లేకపోతే ఓ. మూడోది, అంటే యాంటీ-డి, గడ్డకడితే ఎర్రకణాల మీద డి యాంటిజెన్ ఉన్నట్టు, అదే ఆర్‌హెచ్ పాజిటివ్. గడ్డకట్టకపోతే నెగటివ్.

రెండు నిమిషాలు దాటితే చుక్క అంచులు ఎండి, గడ్డకట్టినట్టే కనిపిస్తాయి. ఓ గ్రూపువాళ్లకు ఎబి అని చెప్పడానికి ఇదొక్కటి చాలు. రక్తంలో ప్రోటీన్లు బాగా పెరిగిన జబ్బుల్లో కణాలు నాణేల దొంతరల్లా పేరుకుని మోసం చేస్తాయి, ఒక చుక్క సెలైన్ కలిపితే విడిపోతాయి. రక్తం మరీ ఎక్కువ వేసినా, రీఏజెంటు గడువు దాటినా ఉన్న గుంపులు కనబడవు. లాన్సెట్ ఒక మనిషికి ఒకటే. వాడినదాన్ని గట్టి డబ్బాలో వేయండి.

స్లైడుకు దొరకనివి

డి యాంటిజెన్ బలహీనంగా ఉన్నవాళ్లకు స్లైడు మీద నెగటివ్ రావచ్చు. వాళ్లు దాతలుగా వస్తే బ్లడ్ సెంటర్ మరింత లోతుగా పరీక్షించి పాజిటివ్ అని లేబుల్ వేస్తుంది. వాళ్లకే రక్తం ఎక్కించాల్సి వస్తే నెగటివ్‌గా చూడవచ్చు. ఒకే మనిషికి రెండు రిపోర్టులు వేరుగా వస్తే కంగారుపడకుండా రెండూ బ్లడ్ సెంటర్ డాక్టరుకు చూపించండి.

బాంబే గ్రూపు ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. 1952లో ముంబైలో భెండే, ఆయన సహచరులు దీన్ని గుర్తించారు. స్లైడు మీద అచ్చం ఓ లాగే ఉంటుంది. కానీ వీళ్ల ప్లాస్మా మామూలు ఓ కణాలను కూడా గడ్డకట్టిస్తుంది. ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. రివర్స్ పరీక్షలో ఓ కణాలు కూడా పెడితేనో, క్రాస్ మ్యాచ్‌లోనో (దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి సరిపోతుందో లేదో చూసే పరీక్షలోనో) బయటపడుతుంది. ఒకరికి ఉందని తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించాలి.

పుట్టిన బిడ్డలో సొంత యాంటీబాడీలు ఇంకా తయారు కావు కాబట్టి రివర్స్ పరీక్ష పనికిరాదు. ఏడాది దాటాక మళ్లీ చేయించి రాయించుకోండి. తల్లి ఆర్‌హెచ్ నెగటివ్ అయితే మాత్రం బిడ్డ గ్రూపు పుట్టగానే తెలియాలి. బిడ్డ పాజిటివ్ అయితే 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. బిడ్డ రక్తకణాల మీద తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారు కాకుండా అది ఆపుతుంది. సాధారణంగా 28వ వారంలో కూడా ఒకటి ఇస్తారు. గర్భస్రావం జరిగినా డాక్టరును దీని గురించి అడగండి. అశ్రద్ధ చేస్తే ఆ నష్టం తర్వాతి బిడ్డకు.

తల్లిదండ్రుల గ్రూపులను బట్టి లెక్క కట్టడం గ్రూపు చెప్పదు, కొన్నిటిని కొట్టివేస్తుంది, అంతే. ఇద్దరూ ఓ అయితే పిల్లలు ఓ. ఒకరు ఎబి అయితే మామూలుగా ఓ పుట్టదు. ఒకరు ఎ, ఒకరు బి అయితే నాలుగింటిలో ఏదైనా రావచ్చు. ఇద్దరూ పాజిటివ్ అయినా బిడ్డ నెగటివ్ కావచ్చు. లెక్క కుదరలేదని ఇంట్లో ఎవరినీ అనుమానించకండి. ముందు అందరికీ పరీక్ష మళ్లీ చేయించండి. పాత రిపోర్టే తప్పు కావచ్చు. బాంబే గ్రూపు లాంటి మినహాయింపులూ ఉన్నాయి.

తేలాక రిపోర్టును ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరికి పంపండి. కాగితం మీద రాసేటప్పుడు ప్లస్, మైనస్ గుర్తులు వద్దు. అవి చెరిగితే తేడా తెలియదు. 'బి నెగటివ్' అని అక్షరాల్లో రాయండి. మీ దగ్గర ఎంత మంచి రిపోర్టు ఉన్నా, ఆసుపత్రి కొత్త శాంపిల్ తీసి గ్రూపు, క్రాస్ మ్యాచ్ చేశాకే రక్తం ఎక్కించాలి. అది ఆలస్యమని వాళ్లతో వాదించవద్దు.