కర్ర కొనేముందు, వాకిట్లో ర్యాంప్ వేసేముందు

చిన్నప్పుడు పోలియో వచ్చినప్పటి నుంచీ నాది కర్ర నడకే. అందుకని మా కడప వీధిలో ఎవరికి మోకాళ్ళు అరిగినా, పక్షవాతం వచ్చినా వాళ్ళ పిల్లలు నన్ను పిలుస్తారు. పోయి చూస్తే కొత్త కర్ర తలుపు వెనక ఉంటుంది. "అది పట్టుకుంటే ముసలోడయిపోయినాడంటారప్పా" అని పెద్దాయన మొండికేస్తాడు. వయసేమో డెబ్బై దాటి ఉంటుంది!

బతిమాలడం ఆపి ముందు కొలత చూడండి. కర్ర పొడవు సరిపోక చేయి గుంజుతున్నా, ఆ మాట చెప్పకుండా పరువు పేరు చెప్పేవాళ్ళున్నారు. రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదిలేయమనండి. నేల నుంచి మణికట్టు గీత దాకా ఎంతుంటే కర్ర అంత. పట్టుకున్నప్పుడు మోచేయి కాస్త వంగాలి. కుడి కాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు కర్రా నొప్పి కాలూ ముందు దించాలి.

ఇంక సాయం చేసేవాళ్ళ సంగతి. గబుక్కున వచ్చి కర్ర ఉన్న చేయే పట్టేసుకుంటారు. దాంతో కర్ర ముందుకు కదలదు, పడేది మేము. "పట్టుకోమంటారా, ఏ పక్క?" అని ఒక్క మాట అడగండి చాలు.

వీల్‌చైర్ ఉంటే ర్యాంప్ కావాలి. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు లెక్క. ఆరంగుళాల మెట్టుకే ఆరడుగులు. మన ఎత్తు అరుగులకు ఆ లెక్కన వేస్తే ర్యాంప్ వీధిలోకి వస్తుంది, కాబట్టి గోడవెంట తిప్పి, మలుపు దగ్గర చదును వదలమని మేస్త్రీకి చెప్పండి. కర్రతో నడిచేవాళ్ళకైతే ఎత్తు మెట్టును రెండు చిన్న మెట్లు చేసి, పక్కన పైపు పెడితే పనయిపోతుంది. మా ఊళ్ళో నాపరాయికి కొదవ లేదు గానీ, పాలిష్ రాయి వద్దు. పొద్దున్నే వాకిలి కడిగినాక దాని మీద కర్ర నిలవదు. గరుకు రాయే వేయించండి.

వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకు స్లాట్ మీ గ్రామ, వార్డు సచివాలయంలో బుక్ చేసుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తే చాలా పథకాలకు అర్హత ఉంటుంది.

కర్ర అడుగున రబ్బరు బూటు నెలకోసారి తిప్పి చూడండి. గీతలు అరిగి నున్నగా అయిందంటే, కర్ర ఎంత కొత్తదైనా బూటు మార్చాల్సిందే.