బోటాక్స్ ఇంజెక్షన్‌కి ముందు, ఆ తర్వాత కొన్ని వారాలు

పెళ్లి వారం రోజుల్లో ఉందనగా ముఖం మీద ముడతలకు బోటాక్స్ చేయించుకోవాలనుకుంటున్నారా? దయచేసి వద్దు. ఆ మందు పని మొదలుపెట్టడానికే రెండు మూడు రోజులు పడుతుంది, పూర్తి ఫలితం తెలిసేసరికి రెండు వారాలవుతుంది. ఈలోగా ఒక కనురెప్ప కిందికి వాలిందంటే అది మామూలు కావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. కనీసం నెల ముందు చేయించుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఇది బ్యాక్టీరియా తయారుచేసే విషం. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది, దాంతో కండరం వదులవుతుంది. అతి కొద్ది మోతాదులో, సరైన చోట ఇస్తే మంచి మందే. అమెరికాలో 1989లో మెల్లకన్నుకి, 2002లో కనుబొమల మధ్య గీతలకి అనుమతి పొందింది. దీర్ఘకాలిక మైగ్రేన్‌కి, విపరీతమైన చెమటకి, పక్షవాతం తర్వాత బిగుసుకుపోయిన చేతులకి కూడా ఇస్తారు. అందుకే దీన్ని బ్యూటీ పార్లర్ పనిగా చూడకండి.

సూది గుచ్చిన చోట నొప్పి, కమిలిన మచ్చ, కొంచెం తలనొప్పి చాలామందికి వస్తాయి, పోతాయి. వాటికి భయపడక్కర్లేదు.

డాక్టరుకు మాత్రం ఏదీ దాచకండి. మయస్థీనియా గ్రేవిస్ లాంటి నరాలు, కండరాల జబ్బు ఉన్నా, మింగడంలోగానీ ఊపిరి తీసుకోవడంలోగానీ ఇప్పటికే ఇబ్బంది ఉన్నా, గర్భవతి అయినా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, కండరాలను వదులుచేసే మాత్రలు దీని ప్రభావాన్ని పెంచుతాయి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే కమిలిన మచ్చలు ఎక్కువవుతాయి. అలాగని వాటిని మీ అంతట మీరు మానేయకండి. ఇదే మందు డిస్పోర్ట్ అనే ఇంకో బ్రాండ్‌గా కూడా వస్తుంది, దాంట్లో ఆవుపాల ప్రోటీన్ ఉండొచ్చు కాబట్టి పాల ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మందు కన్నా అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు ఇస్తున్నారు అన్నదే. 2024లో అమెరికాలో కొందరు ఇళ్లలో, స్పాల్లో అర్హత లేనివాళ్ల చేత ఈ ఇంజెక్షన్లు చేయించుకుని ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లలో కొందరికి ఇచ్చింది నకిలీ సరుకని తేలింది. సీసా మీ కళ్ల ముందే తెరవమనండి. బ్రాండ్ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ హక్కు. ఎన్ని యూనిట్లు ఇచ్చారో కూడా రాసుకోండి. యూనిట్లు అన్ని బ్రాండ్లకూ ఒకటి కావు: కనుబొమల మధ్య గీతలకు బోటాక్స్ అయితే 20, డిస్పోర్ట్ అయితే 50. ఈసారి ఒకటి, వచ్చేసారి ఇంకొకటి వేయించుకునేవాళ్లు ఈ లెక్క దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఇంజెక్షన్ అయ్యాక కొన్ని గంటలు ఆ చోట రుద్దకండి, ఆ రోజుకి ఫేషియల్, బరువైన వ్యాయామం మానండి. ఫలితం తక్కువగా అనిపించిందని మూడు నెలలు తిరక్కముందే మళ్లీ వేయించుకోకండి. తరచుగా ఇస్తే శరీరం యాంటీబాడీలు తయారుచేసుకుని మందే పనిచేయకుండా పోవచ్చు.

ఇక అసలు ప్రమాదం. అరుదుగా మందు ఇచ్చిన చోటు దాటి పాకుతుంది. కొన్ని గంటల్లో తెలియొచ్చు, కొన్ని వారాలకూ తెలియొచ్చు. మాట ముద్దగా రావడం, గొంతు బొంగురుపోవడం, నీళ్లు మింగుడుపడకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒళ్లంతా నీరసం, ఊపిరి అందకపోవడం దాని గుర్తులు. కండరాల బిగుతుకి చికిత్స పొందే పిల్లల్లో ఈ ముప్పు ఎక్కువ, తల్లిదండ్రులు మరింత కనిపెట్టుకుని ఉండాలి. వీటిలో ఏది కనిపించినా తెల్లారాక చూద్దాంలే అనుకోకండి. విరుగుడు మందు ఉంది, కానీ అది కండరాలు చచ్చుబడటం ముదరకుండా ఆపగలదే తప్ప అప్పటికే పడిపోయిన కండరాన్ని లేపలేదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి ఇంజెక్షన్ తేదీ చెప్పండి, సీసా ఫోటో చూపించండి.